సర్క్యులర్ బుక్కులో నా సంతకం

నేను రిటైరైన రోజు కాలేజీ సెమినార్ హాల్లో నాకు శాలువా కప్పారు. ఒక కుర్ర లెక్చరర్ మైకు పట్టుకుని, ఈయన వల్ల ఇన్నేళ్ళలో ఒక్క విద్యార్థికి కూడా నష్టం జరగలేదని అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను తల దించుకుని కూర్చున్నాను. అందరూ దాన్ని వినయం అనుకున్నారు. ఆ అబ్బాయి మా కాలేజీకి వచ్చి రెండేళ్ళే అయింది, పాపం వాడికేం తెలుసు.

మీలో కొందరు ఇప్పుడిప్పుడే కాలేజీ ఆఫీసుల్లో ఉద్యోగాల్లో చేరుతున్నారు. కొందరు ఆ కిటికీకి అవతల, చేతిలో ఫారం పట్టుకుని నిలబడే వయసులో ఉన్నారు. ఇద్దరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను గొప్పగా చేసిన పనులు కూడా కొన్ని ఉన్నాయి. అవి పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర చెబుతుంటాను. ఇది మాత్రం ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పలేదు.

తాండూరులో ఒక డిగ్రీ కాలేజీ, అందులో పరీక్షల సెక్షన్, ఆ సెక్షన్‌కు ఇనుప ఊచల కిటికీ. నా సర్వీసులో ఎక్కువ భాగం ఆ కిటికీ వెనకే గడిచింది. మాకు వచ్చే పిల్లలు రోజూ కాలేజీకి రాగలిగినవాళ్ళు కాదు. కొందరు కరణ్‌కోట దారిలో బండల పాలిషింగ్ మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళు. కొందరు పత్తి చేలల్లో, కంది చేలల్లో కూలికి పోయేవాళ్ళు. అడ్మిషన్ రోజు ఒకసారి, హాల్ టికెట్ రోజు ఒకసారి కనిపిస్తే అదే హాజరు. అప్పుడు పరీక్ష ఏడాదికి ఒక్కసారే, మార్చిలో. అప్పటికి పత్తి అయిపోతుంది, కంది కోతలు అయిపోతాయి. బజార్లో గైడ్లు కొనుక్కుని నెల రోజులు గట్టిగా కూర్చుని చదివితే చాలామంది గట్టెక్కేవాళ్ళు. తప్పిన పేపర్లను మూడో ఏడాది దాకా మోసుకుపోవచ్చు. చదువంటే అది కాదని లెక్చరర్లు విసుక్కునేవాళ్ళు. నిజమే కావచ్చు, కానీ ఆ పద్ధతిలో క్వారీలో పనిచేసే పిల్లవాడికి కూడా ఒక డిగ్రీ దొరికేది.

కిటికీ దగ్గరకు ఎవరు బెంగగా వచ్చినా నేను ఒకటే చెప్పేవాణ్ణి: "ఫికర్ చెయ్యకు, మార్చిల చూసుకుందాం." పిల్లలు నాకు 'ఫికర్ సారు' అని పేరు పెట్టారు. నాకు ఆ పేరంటే లోపల్లోపల గర్వంగానే ఉండేది. ఊళ్ళో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఎవడో ఒకడు వచ్చి, మీరు ఆరోజు చెప్పబట్టే పాసయ్యాను సార్ అని నా టీ డబ్బులు కూడా వాడే ఇచ్చేవాడు. మంచివాడినన్న పేరు మనిషిని ఎంత బద్ధకస్తుణ్ణి చేస్తుందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక ఏడాది సెమిస్టర్లు వచ్చాయి. ఆ ఏడు చేరిన మొదటి సంవత్సరం పిల్లలకు మాత్రమే కొత్త పద్ధతి. రెండు, మూడు సంవత్సరాల వాళ్ళకు పాతదే. చదువును ముక్కలు చేసి, ఆర్నెల్లకోసారి పరీక్ష పెట్టి, ఒక్కో ముక్కకు ఇన్ని క్రెడిట్లని లెక్క కడతారు. మధ్యలో ఇంటర్నల్ పరీక్షలు, అసైన్‌మెంట్లు. ఈ సంగతులన్నీ చెప్పడానికి చుట్టుపక్కల కాలేజీల పరీక్షల గుమాస్తాలను వికారాబాద్ పిలిచి ఒకరోజు శిక్షణ ఇచ్చారు. నేనూ వెళ్ళాను. పొద్దుటి క్లాసులో పాత స్నేహితులతో ముచ్చట్లు, మధ్యాహ్నం మంచి భోజనం, దాని తర్వాత మంచి కునుకు. నాలుగింటికి బండి ఉందని శిక్షణ పూర్తి కాకముందే స్టేషన్‌కు నడిచాను. ఇచ్చిన పుస్తకం కిటికీ పక్కన పెట్టుకుని, దాని మీద తమలపాకుల పొట్లం పెట్టుకుని తాండూరు వచ్చాను.

తర్వాత యూనివర్సిటీ నుంచి సర్క్యులర్ వచ్చింది. మా ఆఫీసులో సర్క్యులర్ బుక్కు అని ఒకటుండేది. వచ్చిన కాగితాన్ని అందులో అంటించి, అటెండర్ అందరి బల్లల దగ్గరకూ తిప్పేవాడు. సంతకం పెడితే చదివినట్టు లెక్క. మేం మాత్రం అటెండర్‌ను త్వరగా పక్క బల్లకు పంపడానికి పెట్టేవాళ్ళం. మా అటెండర్ తాండూరు పాత బస్తీ మనిషి, నాకంటే పెద్దవాడు. నన్ను 'సాబ్' అనేవాడు, నేను 'భాయ్' అనేవాణ్ణి. ఆ రోజు నేను ఫోన్లో మాట్లాడుతూ పై వరుస చూసి, 'మొదటి సెమిస్టర్ పరీక్ష ఫీజు గురించి' అని ఉంటే, చెయ్యి చాచి సంతకం గీకేశాను. కింద రెండో పేజీ ఉందని కూడా చూడలేదు. ఫీజు తేదీలను మాత్రం నోటీసుగా టైపు చేసి బోర్డు మీద అంటించాను.

పెద్దేముల్ అవతల చిన్న ఊరి నుంచి వచ్చే అమ్మాయి కథలోకి ఇప్పుడు వస్తుంది. బి.ఏ. మొదటి సంవత్సరం. అడ్మిషన్ అప్పుడు ఆ అమ్మాయి టీసీలో పుట్టిన తేదీ తప్పుపడితే, నేనే ఆమె చదివిన జూనియర్ కాలేజీకి ఫోన్ చేసి సరిచేయించాను. అప్పటి నుంచి ఏ పనికైనా నేరుగా నా కిటికీకే వచ్చేది. వాళ్ళ ఊళ్ళో ఇంటర్ దాటిన మొదటి ఆడపిల్ల. తండ్రి క్వారీలో బండలు లేపే పని. ఆయన కూతురికి ఒకటే షరతు పెట్టాడట. మూడేళ్ళు చదువుకో, మూడేళ్ళ మీద ఒక్క రోజు కూడా అడగొద్దు అని. ఆ అమ్మాయి ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పింది. డిగ్రీ అయ్యాక బి.ఇడి. చేసి, తను చదివిన బడిలోనే టీచరుగా కూర్చుంటానని కూడా చెప్పింది.

నవంబరులో ఒక మధ్యాహ్నం షేర్ ఆటో దిగి నేరుగా వచ్చింది. వేళ్ళ చివర్లన్నీ గీరుకుపోయి ఉన్నాయి. పత్తి ఏరేవాళ్ళ చేతులు మాకు కొత్త కాదు.

"సార్, మా అమ్మకు కీళ్ళ నొప్పులొచ్చి లేస్తలేదు. పత్తి మొత్తం నేనే ఏరాలె. పరీక్షలకు రానీకె అయితదో లేదో. ఫీజు కట్టాల్నా వద్దా?"

మూడో సంవత్సరం పిల్లల ఫారాలు నా ముందు కుప్పగా ఉన్నాయి. తల ఎత్తకుండానే చెప్పాను.

"రాయనప్పుడు కట్టుడెందుకు బిడ్డా? అమ్మను చూసుకో. మార్చిల అన్ని కలిపి కట్టు, అన్ని కలిపి రాయి. ఫికర్ చెయ్యకు."

ఆ అమ్మాయి ముఖం తేటపడింది. నాకూ మనసు తేలికైంది. ఒక పేదపిల్లకు సాయం చేశానని ఆ సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళినట్టు కూడా గుర్తు.

సర్క్యులర్ రెండో పేజీలో ఏముందంటే, పరీక్ష రాసినా రాయకపోయినా ఫీజు కట్టి పేరు నమోదు చేసుకున్నవాళ్ళే రెండో సెమిస్టర్‌కు వెళతారు. రాయకపోతే ఆ పేపర్లు బాకీ ఉంటాయి, అంతే. పేరు నమోదు కాకపోతే మాత్రం అక్కడితో ఆగిపోయి, మరుసటి ఏడు మొదటి నుంచి చేరాలి. అంటే ఆ అమ్మాయి ఆ రోజు ఫీజు కట్టి, పరీక్షకు రాకుండా పత్తి ఏరుకున్నా ఏమీ కాకపోయేది. కట్టడానికి డబ్బు చేతిలో పట్టుకునే వచ్చింది. వద్దని పంపించింది నేను.

కంది కోతలు కూడా అయ్యాక, రెండో సెమిస్టర్ మొదలైన రెండో వారంలో మళ్ళీ వచ్చింది. హాజరు పట్టీలో నా పేరు పిలుస్తలేరు సార్ అంది. ఏదో టైపింగ్ తప్పయి ఉంటుందని కంప్యూటర్లో చూశాను. ఆమె పేరు పక్కన ఇంగ్లీషులో ఒకటే మాట ఉంది, ఆపివేశారని. అప్పుడు లేచి బీరువాలోంచి సర్క్యులర్ బుక్కు తీసి రెండో పేజీ తిప్పాను. నిలబడే చదివాను. మళ్ళీ మొదటి పేజీకి వస్తే అంచున వరుసగా సంతకాలు, మూడోది నాది. తోక పొడుగ్గా లాగి, కింద చుక్క కూడా పెట్టాను.

ప్రిన్సిపాల్‌తో మాట్లాడి చూద్దామని మాత్రం ఆ అమ్మాయికి చెప్పాను. ఎందుకలా అయిందో చెప్పలేదు.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో నలుగురం ఉన్నాం. ఆయన, నేను, ఆ అమ్మాయి, తలుపు దగ్గర అటెండర్ భాయ్. ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు. యూనివర్సిటీకి ఉత్తరం రాద్దాం, అయితే కారణం ఏమని రాయాలి అన్నాడు. కాలేజీ తరఫు తప్పైతే అలాగే రాస్తాను, మెమో వస్తే వస్తుంది అని కూడా అన్నాడు. ఆ ఏడాది సూపరింటెండెంట్ ప్రమోషన్ల జాబితాలో నా పేరుంది. మెమో పడితే ఆ పేరు పోతుంది. దానికోసం ఎంతోకాలంగా ఎదురుచూస్తున్నాను.

"నువ్వేమన్న చెప్పినవా ఈ అమ్మాయికి?" అని ప్రిన్సిపాల్ నన్ను అడిగాడు.

"నోటీసు బోర్డు మీద పెట్టిన సార్," అన్నాను.

అది అబద్ధం కాదు. నోటీసు పెట్టింది నేనే, ఇంకా అక్కడే ఉంది. నా ఉద్యోగంలో అబద్ధాలు కూడా ఆడి ఉంటాను, కానీ ఆ నిజం కంటే నీచంగా ఏదీ మాట్లాడలేదు.

ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి, ఫీజు కట్టొద్దని నీకెవరైనా చెప్పారా అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను ఏం చెప్పమంటే అది చెబుతానన్నట్టు చూసింది. నేను బల్ల మీది పేపర్‌వెయిట్ చూస్తూ నిలబడ్డాను.

"ఎవ్వరు చెప్పలే సార్," అంది. "నాకే తెల్వలే."

ఉత్తరం టైపు చేసింది నేనే, దాన్ని హైదరాబాద్‌లో యూనివర్సిటీకి తీసుకెళ్ళాల్సిందీ నేనే. 'విద్యార్థిని అజాగ్రత్త వలన' అని ప్రిన్సిపాల్ చెబుతుంటే నా వేళ్ళే కొట్టాయి. బయటకు వచ్చాక వరండాలో ఆ అమ్మాయి నా కోసం ఆగి ఉంది. హైదరాబాద్ మీరే పోతున్నరు గదా సార్ అని అడిగింది. అవునన్నాను. అయితే పనైనట్టే అన్నట్టు నవ్వి, "మీరు చెప్తే వాళ్ళు వింటరు సార్" అంది. నన్ను ఎందుకు కాపాడిందో నాకు అప్పుడు అర్థమైంది. నేను బాగుంటేనే తన పని అవుతుందని అనుకుంది.

తెల్లవారి బండెక్కాను. వికారాబాద్ దాటేదాకా మనసులో ఒకటే అనుకున్నాను, అక్కడ నిజం చెప్పేద్దామని. ఉత్తరంలో ఏమున్నా నోటితో చెప్పొచ్చు కదా అని.

యూనివర్సిటీలో ఈ వ్యవహారాలు చూసే అధికారి నాకంటే చిన్నవాడు. ఉత్తరం రెండుసార్లు చదివాడు. ఇలాంటివి చాలా వస్తున్నాయి, మొదటి ఏడు కదా అన్నాడు. తర్వాత కాగితం బల్ల మీద పెట్టి, తన తప్పేమీ లేదన్నట్టు చేతులు చూపించి అసలు మాట చెప్పాడు.

"కాలేజీ పొరపాటని రాసుంటే ఫైన్ కట్టించుకుని పేరు ఎక్కించేవాళ్ళం. నిన్న కూడా ఒక కాలేజీకి చేశాం. విద్యార్థి అజాగ్రత్త అంటే మేం చేసేదేమీ లేదు. కాలేజీ పొరపాటేమైనా ఉందా?"

అంత నేరుగా అడిగాడు. జవాబు చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆయన బల్ల వెనక గోడ గడియారంలో పదకొండున్నర అయింది. నేను ఆ గడియారాన్ని చూశాను, ఆయన వేలికున్న ఉంగరాన్ని చూశాను.

"లేదండీ," అన్నాను.

తిరుగు బండిలో నాకు నేను చాలా చెప్పుకున్నాను. ప్రిన్సిపాల్ సంతకం పెట్టిన ఉత్తరానికి వ్యతిరేకంగా ఎలా మాట్లాడతాను అని చెప్పుకున్నాను. ఒక్క ఏడాదే కదా, మళ్ళీ చేరుతుందిలే అని చెప్పుకున్నాను. తండ్రి ఏదో కోపంలో అన్న మాట, అంత పట్టింపు ఉండదులే అని కూడా చెప్పుకున్నాను. తాండూరు స్టేషన్‌లో దిగేసరికి అన్నీ నమ్మాను.

మర్నాడు ఆ అమ్మాయికి, కాలేదు బిడ్డా, వాళ్ళు ఒప్పుకోలేదు అని చెప్పాను. వచ్చే జూన్‌లో మళ్ళీ చేరమన్నాను. ఆమె ఏడవలేదు. నా సర్టిఫికెట్లు ఇస్తరా సార్ అని అడిగింది. జూన్ దాకా ఇక్కడే ఉండనీ అంటే వద్దంది. రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకుంది. టీసీ కవరు మీద పడ్డ దుమ్ము చున్నీతో తుడుచుకుని వెళ్ళింది. జూన్‌లో రాలేదు. తండ్రి తన మాట మీదే ఉన్నాడని, పిల్ల తాండూరులో ఒక పప్పు మిల్లులో కందులు బాగుచేసే పనికి పోతోందని తర్వాత తెలిసింది.

చెప్పింది అటెండర్ భాయ్. ఆయన నాతో ఆ విషయం అంతకుమించి ఎప్పుడూ ఎత్తలేదు. నవంబరులో నేను ఆ అమ్మాయికి చెబుతున్నప్పుడు ఆయన నా వెనకే ఫైళ్ళు కడుతున్నాడు, అంతా విన్నాడు. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. సర్క్యులర్ బుక్కు తెచ్చినప్పుడు ఇదివరకటిలా పెన్ను మూత తీసి ఇచ్చేవాడు కాదు. బుక్కు నా ముందు తెరిచి, పక్కనే నిలబడేవాడు.

"సదువుండ్రి సాబ్. నాకేం జల్దీ లేదు."

తను రిటైరయ్యేదాకా ప్రతిసారీ అదే మాట. నేను చదివేవాణ్ణి. రెండో పేజీ కూడా చదివేవాణ్ణి. ప్రమోషన్ వచ్చింది, గది మారింది, కుర్చీకి చేతులు వచ్చాయి. ఆ పప్పు మిల్లు ఉన్న రోడ్డు మీదుగా వెళ్ళడం మాత్రం మానేశాను. ఇంటికి వెళ్ళడానికి అది దగ్గర దారి.

తర్వాతి ఏళ్ళలో పిల్లలు మారారు. సెమిస్టర్ పద్ధతికి అలవాటు పడ్డవాళ్ళు పడ్డారు. మోమిన్‌పేట్ నుంచి, ఇంకా దూరం నుంచి ఆడపిల్లలు రోజూ బస్సుల్లో వచ్చి ఇంటర్నల్స్ రాసి మంచి గ్రేడ్లు తెచ్చుకున్నారు. అది మంచి విషయమే, కాదనను. రాలేనివాళ్ళు మాత్రం చడీచప్పుడు లేకుండా తగ్గిపోయారు. పాలిషింగ్ మిషన్ దగ్గరి నుంచి తెల్లటి దుమ్ముతో మార్చిలో వచ్చే ఆ పిల్లలు ఇప్పుడు కిటికీ దగ్గర కనిపించరు. కొత్త పద్ధతి వల్ల వాళ్ళు పోయారని నేనూ చాలామందితో అన్నాను. ఒక్క పిల్ల మాత్రం పద్ధతి వల్ల పోలేదు.

నా సర్వీసు ఆఖరి ఏడాది, అడ్మిషన్ల రోజుల్లో, ఆ అమ్మాయి వచ్చింది. నేను గుర్తుపట్టకముందే 'బాగున్నరా సార్' అంది. ముఖం కొంచెం పీక్కుపోయింది, చేతులు మాత్రం అవే. పక్కన చెల్లెలు, ఇంటర్ పాసై మా కాలేజీలోనే సీటు వచ్చింది. నాన్నను నువ్వే ఒప్పించావా అని అడిగితే, నాన్న కాలు మీద బండ పడి పని మానేశాడని, ఇప్పుడు ఇల్లు తానే నడుపుతున్నానని, చెల్లెలికి ఎన్నేళ్ళైనా సరేనని చెప్పింది.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. సెమిస్టర్‌కు ఎన్ని పేపర్లు, ఇంటర్నల్ రాయకపోతే ఏమవుతుంది, పరీక్ష రాయలేకపోయినా ఫీజు కట్టాలా అని ఒక్కొక్కటే అడిగింది. నేను ఒక్కొక్కటే చెప్పాను. అంతా విన్నాక నా బల్ల మీద ఉన్న తెల్లకాగితం ఒకటి తీసి నా ముందుకు జరిపింది.

"గివన్ని జర రాసియ్యుండ్రి సార్. కింద సంతకం పెట్టుండ్రి."

రాశాను. నిబంధనల పుస్తకం తెరిచి ఒక్కో వరుస సరిచూసుకుంటూ రాశాను. పరీక్ష రాసినా రాయకపోయినా ఫీజు కట్టి తీరాలి అన్నదాని కింద గీత గీశాను. సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చాను. ఆమె నిలబడే మొదటి నుంచి చివరిదాకా చదివింది. తర్వాత నా వైపు చూసి, చాలా మామూలుగా అడిగింది.

"అప్పుడు హైదరాబాద్‌ల మీరు చెప్పిన్రా సార్, మీరే వద్దన్నరని?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న వస్తుందని ఎన్నోసార్లు అనుకుని, జవాబులు తయారు చేసి పెట్టుకున్నాను. అవన్నీ పక్కన పెట్టాను.

"చెప్పలేదు బిడ్డా," అన్నాను. "అడిగిన్రు. అయినా చెప్పలేదు."

ఆమె తల ఊపింది. "నాకెర్కే సార్," అంది. "గందుకే కాయితం అడిగిన."

చెల్లెలు ఆ కాగితాన్ని మడత పెట్టబోతే ఆమె ఆపి, మడవకుండా ఫైల్లో పెట్టించింది.